ఫలితాల రోజు కూడా బోర్డు బాధ్యతే: తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యామండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి, పరీక్షల విభాగం అధికారులకు, మండలి సభ్యులకు నమస్కారాలు.

మన రాష్ట్రంలో ఏటా దాదాపు 10 లక్షల మంది పిల్లలు ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్షలు రాస్తున్నారు. 2025 ఏప్రిల్ 22న వెలువడిన ఫలితాల్లో మొదటి సంవత్సరం 66.89 శాతం, రెండో సంవత్సరం 71.37 శాతం ఉత్తీర్ణులయ్యారు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే ఇది మెరుగైన ఫలితమే. అయితే అదే లెక్క ప్రకారం, పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసున్న సుమారు మూడు లక్షల మందికి ఒకే మధ్యాహ్నం, కొద్ది నిమిషాల తేడాతో, తాము తప్పామన్న సంగతి ఫోను తెర మీద తెలిసింది. ఆ మూడు లక్షల మంది గురించి, ఆ సంగతి వారికి తెలిసే తీరు గురించి, తెలిసిన తర్వాత వారికి ఏమవుతుందన్న దాని గురించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చాలాకాలం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. స్పాట్ వాల్యుయేషన్ శిబిరాల్లో అసిస్టెంట్ ఎగ్జామినర్‌గానూ చీఫ్ ఎగ్జామినర్‌గానూ పనిచేసినవాణ్ణి కనుక, లక్షల జవాబుపత్రాలను నెల రోజుల్లో దిద్దించి ఫలితం తేల్చడం ఎంత బరువైన పనో నాకు తెలుసు. ఇది ఏ ఒక్క అధికారి మీదా ఫిర్యాదు కాదు. పరీక్షల వల్ల పిల్లల మనసుకు తగులుతున్న దెబ్బలో పెద్ద భాగం ప్రశ్నపత్రం వల్ల కాదని, దాని చుట్టూ మనం చేసిన ఏర్పాట్ల వల్లనని, ఆ ఏర్పాట్లలో చాలావాటిని శాసనసభ దాకా వెళ్లకుండా మీ కార్యాలయం నుంచి వెలువడే ఒక సర్క్యులర్‌తోనే మార్చవచ్చని మాత్రమే నేను చెప్పదలచుకున్నాను.

పరీక్షలు రద్దు చేయమని నేను అడగడం లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హైస్కూలు పట్టా పొందాలంటే రాష్ట్రస్థాయి పరీక్ష నెగ్గి తీరాలన్న షరతును 2024 నవంబరులో అక్కడి ఓటర్లే ఓటు వేసి తొలగించారు. పిల్లవాడు చదువు పూర్తి చేశాడో లేదో అతని బడే తేల్చగలదన్న నమ్మకం అక్కడ ఉంది. మన దగ్గర ఆ నమ్మకానికి ఇంకా ఆధారం ఏర్పడలేదు. ప్రాక్టికల్స్‌లో 30కి 30 ఎలా పడతాయో తెలిసినవారెవరూ అంతర్గత మార్కుల చేతికి పిల్లల భవిష్యత్తును పూర్తిగా అప్పగించమని కోరరు. ఉట్నూరులోనో అచ్చంపేటలోనో ప్రభుత్వ కళాశాలలో చదివిన అమ్మాయి రాసిన పేపరును, ఆమె పేరూ ఊరూ కళాశాలా తెలియని లెక్చరర్ ఒకరు బార్‌కోడ్ మాత్రమే చూసి దిద్దుతారన్నది ఆ అమ్మాయికి ఈ వ్యవస్థలో దక్కుతున్న అరుదైన న్యాయం. అది పోకూడదు. కానీ ఆ న్యాయం మీద పిల్లలకు నమ్మకం నిలవాలంటే, తప్పు జరిగినప్పుడు ఆ తప్పు భారం వారి మీద పడకూడదు.

2019 ఏప్రిల్ 18న వచ్చిన ఫలితాలను ఇక్కడ గుర్తు చేయక తప్పదు. పరీక్షకు హాజరైనవారికి గైర్హాజరు చూపించారు. కొందరికి మార్కులే లేవు. రెండో సంవత్సరం తెలుగు పేపరులో సున్నా వచ్చినట్టు చూపిన ఒక విద్యార్థినికి, తిరిగి పరిశీలిస్తే, వచ్చినవి 99 మార్కులని తేలింది. దిద్దినవారు ఓఎంఆర్ షీటులో, అంటే కంప్యూటర్ చదివే మార్కుల పత్రంలో, గడులు నింపేటప్పుడు తప్పు చేశారు, దాన్ని పట్టుకోవలసిన స్క్రూటినీలో అది దొరకలేదు. ఆ కొద్ది రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని వేసింది, ఫలితాల ప్రక్రియను అప్పగించిన ప్రైవేటు సంస్థ పనితీరులో లోపాలున్నాయని ఆ కమిటీ తేల్చింది, ఫెయిలైన వారందరి పేపర్లనూ ఉచితంగా తిరిగి పరిశీలించాలని ముఖ్యమంత్రి ఆదేశించారు. ఆ పరిశీలనలో వెయ్యి మందికి పైగా విద్యార్థులు నిజానికి పాసైనట్టు తేలింది.

ఫెయిలైన మూడు లక్షలకు పైగా విద్యార్థుల్లో వెయ్యి మంది అంటే శాతం ప్రకారం చాలా తక్కువేనని అప్పట్లో కొందరు వాదించారు. దిద్దుబాటులో పొరపాటు శాతం తక్కువగా ఉండటం మెచ్చుకోదగిందే. కానీ ఆ వెయ్యి మందిలో ప్రతి ఒక్కరూ ఇంట్లో తల్లిదండ్రుల ముందు, వీధిలో చుట్టపక్కాల ముందు, తాము చేయని తప్పుకు కొన్ని వారాల పాటు తలదించుకుని ఉన్నారు. ఆ వారాలను శాతాలతో కొలవలేం.

శిబిరంలో పని ఎలా సాగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు గానీ, ఈ లేఖ చదివే తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. లెక్చరర్ పూటకు పదిహేను పేపర్ల చొప్పున దిద్దుతారు. చీఫ్ ఎగ్జామినర్ అందులో కొన్నింటిని మళ్లీ చూస్తారు. స్క్రూటినైజర్ కూడికలు సరిచూసి, దిద్దకుండా వదిలేసిన జవాబులేమైనా ఉన్నాయేమో చూస్తారు. చివరికి ఆ పేపరు మొత్తం రెండంకెల సంఖ్యగా మారి ఓఎంఆర్ షీటులోని గడుల్లోకి ఎక్కుతుంది. ఏప్రిల్ ఎండల్లో, ఫ్యాన్లు సరిగా తిరగని గదుల్లో, కొన్ని సబ్జెక్టులకు చాలినంత మంది అధ్యాపకులు దొరకని పరిస్థితిలో ఈ పని జరుగుతుంది. ఇందులో పొరపాటు అసాధారణం కాదు. ఆ పొరపాటును ఫలితం ప్రకటించక ముందే పట్టుకోవడానికి ఇప్పుడున్న సాంకేతికతతో పెద్ద ఖర్చేమీ కాదు. మిగిలిన సబ్జెక్టులన్నిటిలో 80 శాతం దాటిన విద్యార్థికి ఒక్క దానిలో సున్నానో నాలుగో పడితే, మొదటి సంవత్సరం మార్కులకూ రెండో సంవత్సరం మార్కులకూ పొంతన లేకుండా పడిపోతే, పాసు గీతకు ఒకటి రెండు మార్కుల దూరంలో ఆగిపోతే, అటువంటి పేపర్లను కంప్యూటరే వేరు చేసి చూపగలదు. వాటిని మరొక అధ్యాపకుడు బండిల్ విప్పి చూసిన తర్వాతే ఫలితాలు విడుదల చేయాలన్న నిబంధన కావాలి. అందుకు ఫలితాలు నాలుగు రోజులు ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. పక్క రాష్ట్రం కన్నా ముందు ఫలితాలిచ్చామన్న ఘనత మాత్రమే పోతుంది, అది పోతే పోనివ్వండి.

ఇప్పుడున్న పద్ధతిలో అనుమానం తీర్చుకునే ఖర్చు విద్యార్థిదే. రీకౌంటింగ్‌కు పేపరుకు రూ.100, స్కాన్ చేసిన జవాబుపత్రంతో రీవెరిఫికేషన్‌కు రూ.600 కట్టాలి. రెండు పేపర్లలో తప్పిన కూలీ బిడ్డకు ఆ రూ.1,200 అంటే ఇంట్లో మరో గొడవ. తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2019లో ఫెయిలైన వారందరికీ ఉచితంగా చేసిన పనిని ప్రతి ఏటా చేయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాలేదు. ఫెయిలైన ప్రతి పేపరు స్కాన్ కాపీ ఆ విద్యార్థి హాల్‌టికెట్ నంబరుతో వెబ్‌సైట్‌లో ఫలితంతో పాటే దొరికితే, సగం మంది తాము ఎక్కడ తప్పారో స్వయంగా చూసి ఒప్పుకుంటారు. మిగిలిన సగం ఎక్కడ అన్యాయం జరిగిందో చూపగలుగుతారు. ఏం జరిగిందో తెలియకపోవడమే ఆ వయసులో మనసును ఎక్కువగా తినేస్తుంది. నేను చూసిన పిల్లల్లో చాలామంది తాము తప్పామన్న బాధ కన్నా, ఎందుకు తప్పామో అంతు పట్టక ఎక్కువ నలిగిపోయారు.

2021 డిసెంబరు మరో రకమైన పాఠం. కరోనా ఏడాదిలో ఆన్‌లైన్ తరగతులతో సరిపెట్టి, రెండో సంవత్సరంలోకి పంపించిన పిల్లల చేత అక్టోబరు చివరి నుంచి మొదటి సంవత్సరం పరీక్షలు రాయించారు. డిసెంబరు 16న వచ్చిన ఫలితాల్లో 49 శాతం మందే గట్టెక్కారు. రెండు లక్షల మందికి పైగా తప్పారు. ఆందోళనల తర్వాత, డిసెంబరు 24న, అందరికీ కనీసం 35 మార్కులిచ్చి పాస్ చేస్తున్నట్టు విద్యాశాఖ మంత్రి ప్రకటించారు. ఈ రెండు తేదీల మధ్య ఎనిమిది రోజులున్నాయి. ఆ ఎనిమిది రోజుల్లో కొందరు పిల్లలు తమ జీవితం ముగిసిందనుకున్నారు, వారిలో కొందరి మరణవార్తలు పత్రికల్లో వచ్చాయి. తొమ్మిదో రోజు చూడగలిగి ఉంటే వారంతా పాసైనవారే. పరీక్షాఫలితం ఎంత మార్చదగినదో, మనిషి దాన్ని ఎంత మార్చలేనిదిగా చూస్తాడో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదని మానసిక వైద్యులు చెబుతారు, అది నిజం. పరీక్ష తప్పిన మూడు లక్షల మందిలో అత్యధికులు ఏడ్చి, కోపగించుకుని, మళ్లీ పుస్తకం పడతారు. అయితే అప్పటికే దిగులుతోనో, ఇంటి గొడవలతోనో, హాస్టల్ ఒంటరితనంతోనో కుంగిపోయి ఉన్న పిల్లకు ఆ ఫలితం అన్ని దారులూ మూసినట్టు కనిపిస్తుంది. ఆ సమయంలో పక్కన ఎవరున్నారన్నది చాలా ముఖ్యం. ఇక్కడే నాకు మన ఏర్పాట్లలోని అతి పెద్ద లోపం కనిపిస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో జూనియర్ కళాశాలలకు వేసవి సెలవులు. ఫలితం వచ్చే రోజున కళాశాల గేటుకు తాళం ఉంటుంది. రెండేళ్లుగా ఆ పిల్లను చూసిన లెక్చరర్ సొంత ఊళ్లో ఉంటారు. పిల్ల ఏ నెట్ సెంటరులోనో, ఒంటరిగా ఇంట్లోనో నంబరు కొట్టి చూసుకుంటుంది. ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసిన పెద్దలలో ఈ పరీక్ష గురించి తెలిసి మాట్లాడగలిగినవారు ఒక్కరూ అందుబాటులో ఉండరు.

ఈ ఒక్కటీ మార్చండని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఫలితాల రోజునూ, ఆ మర్నాడునూ రాష్ట్రంలోని ప్రతి జూనియర్ కళాశాల తెరిచి ఉండాలి. ప్రభుత్వ కళాశాలలే నాలుగు వందలకు పైగా ఉన్నాయి, ప్రైవేటు కళాశాలలకు అఫిలియేషన్ షరతుగా దీన్ని చేర్చవచ్చు. తప్పిన విద్యార్థుల జాబితా ఫలితాలతో పాటే ప్రిన్సిపల్ లాగిన్‌లోకి వస్తే, లెక్చరర్లు జాబితాను పంచుకుని సాయంత్రంలోగా ఒక్కొక్కరికీ ఫోను చేయగలరు. మాట్లాడవలసింది తత్వం కాదు. ఏ పేపరు తప్పావు, ఎన్ని మార్కులు తగ్గాయి, సప్లిమెంటరీ ఎప్పుడు, ఫీజు ఎలా, రేపు ఉదయం కళాశాలకు రా, మీ నాన్నకు ఫోను ఇవ్వు. ఇంతే. తండ్రితో లెక్చరర్ నేరుగా మాట్లాడిన ఇంట్లో ఆ రాత్రి వేరుగా గడుస్తుందని నా అనుభవం. ఆ రెండు రోజులకు అధ్యాపకులకు ఆర్జిత సెలవు ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వండి.

2025లో ఏప్రిల్ 22న ఫలితాలు వస్తే మే 22 నుంచి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మొదలయ్యాయి. తప్పినవారికి అదే వేసవిలో రెండో అవకాశం ఇవ్వడం ఎంతో మంచి ఏర్పాటు. కానీ ఆ నెల రోజులూ ఆ పిల్లలకు చదువు చెప్పేవారెవరు? కార్పొరేట్ కళాశాలలు రుసుము తీసుకుని ప్రత్యేక తరగతులు నడుపుతాయి. ప్రభుత్వ కళాశాలల్లో అది ప్రిన్సిపల్ చొరవ మీదా, లెక్చరర్ల ఔదార్యం మీదా ఆధారపడి ఉంది. ఔదార్యాన్ని విధానంగా మార్చవలసింది మీరే.

ఇక్కడ ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. పరీక్షల ఒత్తిడి గురించి నగరాల్లో జరిగే చర్చంతా ర్యాంకుల చుట్టూ తిరుగుతుంది. పల్లెల్లో సంగతి వేరు. ఇంటర్ తప్పిన అమ్మాయికి చాలా ఇళ్లలో ఆ వేసవిలోనే సంబంధాలు చూడటం మొదలవుతుంది. "చదివింది చాల్లే" అన్న మాట ఆమెకు ఓదార్పు కాదు, తీర్పు. అబ్బాయిని మేస్త్రీ పనికో, హోటలు పనికో పంపుతారు. అంటే వారి భయం ఊహించుకున్న భయం కాదు, నిజంగానే పరీక్ష మీద చదువు మొత్తం ఆధారపడి ఉంది. అటువంటి పిల్లకు ధైర్యంగా ఉండమని చెప్పే కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోదు. సప్లిమెంటరీ ఫీజు మాఫీ, పరీక్ష అయ్యేదాకా గురుకులాల్లోనూ కస్తూర్బా విద్యాలయాల్లోనూ హాస్టల్ వసతి కొనసాగింపు, తప్పిన సబ్జెక్టులో నెల రోజుల తరగతులు ఉంటే ఆమె ఇంటి నుంచి బయటికి రావడానికి ఒక కారణం దొరుకుతుంది, తల్లిదండ్రులను ఆపడానికి ఒక సాకు దొరుకుతుంది. నా దృష్టిలో ఇది కూడా మానసిక ఆరోగ్యానికి సంబంధించిన చర్యే.

మరో చివర, మార్కులు బాగా వచ్చినవారి బాధ ఉంది. మొదటి సంవత్సరం ఎంపీసీలో మొత్తం 470, బైపీసీలో 440. ఫలితాలు వచ్చిన గంటలోపే టీవీల్లో 468, 468, 468 అన్న అరుపులు మొదలవుతాయి. 445 తెచ్చుకున్న పిల్లవాడు గదిలోంచి బయటికి రాడు. తమాషా ఏమిటంటే, ఇంజినీరింగ్ ప్రవేశాలకు జరిపే రాష్ట్ర ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని ప్రభుత్వం 2023లో తీసేసింది; ఎన్‌ఐటీ, ఐఐటీ ప్రవేశాలకు కావలసింది 75 శాతం. 468కీ 445కీ మధ్య ఉన్న 23 మార్కుల తేడాతో ఏ ఇంజినీరింగ్ సీటూ మారదు. ఆ తేడా ఉపయోగపడేది కళాశాల ప్రకటనకు మాత్రమే. అంటే ఒక సంస్థ ప్రచార అవసరం కోసం వేలమంది పిల్లలు నిద్ర మానుకుంటున్నారు, స్టడీ అవర్ల పేరుతో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కుర్చీలకు అతుక్కుపోతున్నారు. బోర్డు ర్యాంకులు ప్రకటించడం లేదన్నది నిజమే. కానీ బోర్డు అనుమతితో నడిచే కళాశాలలు ఆ పని మీకు బదులు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ప్రకటించడంతో సమానం.

ఈ విషయంలో మీ చేతికి ఇప్పుడు గట్టి ఆధారం ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తాయి. వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టరాదని, అందరి ముందు అవమానించరాదని, సహాయ కేంద్రాల నంబర్లు కనబడేలా రాయాలని అందులో ఉంది. మన కళాశాలల్లో సూపర్ సెక్షన్లు, స్టార్ బ్యాచ్‌లు బోర్డుకు తెలియని రహస్యాలేమీ కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ ఈ కళాశాలల తీరును పరిశీలించింది. కమిటీలకు కొదవ లేదు. అఫిలియేషన్ పునరుద్ధరణ సమయంలో భవనం కొలతలు, అగ్నిమాపక ధ్రువపత్రం అడిగినట్టే కౌన్సెలర్ నియామక పత్రమూ అడగండి, లేకపోతే అనుమతి ఆపండి.

నిబంధనలు సడలించినంత మాత్రాన పరీక్షల పవిత్రత చెడదనడానికి మీరే ఒక సాక్ష్యం. ఏళ్ల తరబడి ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిబంధన అమల్లో ఉండేది. గేటు బయట ఏడుస్తూ నిలబడిన పిల్లల ఫొటోలు ప్రతి మార్చిలో చూశాం. 2024 ఫిబ్రవరి చివర, అలా పరీక్ష రాయలేకపోయిన ఆదిలాబాద్ జిల్లా విద్యార్థి ఒకరు మరణించిన తర్వాత మీరు అయిదు నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. ఆ అయిదు నిమిషాల వల్ల ప్రశ్నపత్రం ఎక్కడా బయటికి పోలేదు. అది ముందే ఇచ్చి ఉండవలసిందని అంటే మీకు కష్టంగా ఉండవచ్చు గానీ, అనక తప్పదు.

ఆ సంఘటన నుంచే నా చివరి అభ్యర్థన. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క చెబుతోంది. అందులో మన ఇంటర్ పిల్లలు ఎవరు, ఏ పరిస్థితుల్లో పోయారన్నది పోలీసు స్టేషన్ల ఫైళ్లలో విడివిడిగా ఉండిపోతోంది. ప్రసవ సమయంలో ఏ తల్లి మరణించినా, ఎక్కడ ఆలస్యమైంది, ఎవరు ఏం చేసి ఉంటే బతికేది అని వైద్య ఆరోగ్యశాఖ ఒక్కో మరణాన్నీ సమీక్షిస్తుంది. ఎవరినో శిక్షించడానికి కాదు, వచ్చేసారి జరగకుండా చూడటానికి. పరీక్షల కాలంలో, ఫలితాల కాలంలో మరణించిన ప్రతి ఇంటర్ విద్యార్థి విషయంలోనూ బోర్డు అటువంటి సమీక్ష చేయాలి. మానసిక వైద్యుడు, ఆ కళాశాలకు చెందని ఒక లెక్చరర్, జిల్లా అధికారి కూర్చుని కుటుంబంతో మాట్లాడాలి. హాల్‌టికెట్ ఫీజు కోసం ఆపారా, హాస్టల్‌లో ఏమైనా అన్నారా, దిద్దుబాటులో పొరపాటు ఉందా, ముందే ఎవరికైనా చెప్పుకున్నాడా అన్నవి తెలియాలి. పేర్లు లేకుండా ఆ సమీక్షల సారాంశాన్ని ఏటా ప్రజల ముందు పెట్టాలి.

ప్రతి ఏటా పరీక్షల ముందు మీరు కౌన్సెలర్ల ఫోన్ నంబర్లు ప్రకటిస్తున్నారు, అది కొనసాగించండి. వాటితో పాటు కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416ను హాల్‌టికెట్ మీదా, ఫలితం కనిపించే పేజీ మీదా ముద్రించండి. అది రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఈ లేఖ చదువుతున్న విద్యార్థులెవరైనా దిగులుతో ఉంటే ఫలితాల దాకా ఆగకుండా ఈరోజే ఆ నంబరుకు ఫోను చేయండి, లేదా ఇంట్లో మీరు నమ్మే ఒక్కరికి చెప్పండి.

వచ్చే పరీక్షల నోటిఫికేషన్ వెలువడేలోపు, ఫలితాలకు ముందే అనుమానాస్పద పేపర్ల పునఃపరిశీలన, తప్పినవారికి ఉచితంగా స్కాన్ కాపీ, ఫలితాల రోజున తెరిచి ఉండే కళాశాల అన్న ఈ మూడింటి మీద బోర్డు నిర్ణయమేమిటో బహిరంగంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. చేయలేమనుకుంటే కారణమూ అదే ప్రకటనలో చెప్పండి. శిబిరాల్లో పనిచేసిన మాలాంటి విశ్రాంత అధ్యాపకులు ఫలితాల రోజున ఫోన్ల దగ్గర కూర్చోవడానికి జీతం అడగరు, పిలిస్తే వస్తాం.

ఇట్లు
ఒక విశ్రాంత జూనియర్ లెక్చరర్